రేపు మాపు అంటే ఎన్ని గంటలకు?

మొన్న మా రేడియో స్టేషన్‌లో కొత్తగా చేరిన మాధురి అనే అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, వచ్చే వారం నుంచి మీ గంట నాకిచ్చారండి. మైకు ముందు కూర్చుంటే ఏం గుర్తు పెట్టుకోవాలో రెండు మాటలు చెప్పండి" అని అడిగింది. రెండు మాటలే చెప్పాను. రేపు. మాపు.

కాకినాడ వైపు పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల, అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటపడింది. అప్పుడు మొదటి నుంచీ సంగతంతా చెప్పాను. విని నవ్వి నవ్వి, "ఇది రాసి పెట్టండమ్మా, నా తర్వాత వచ్చేవాళ్లకి కూడా ఉంటుంది" అంది. అందుకని రాస్తున్నాను.

నా పేరు బాలమణి. నా చదువు అయిదో తరగతి. మాది శేరిలింగంపల్లిలో కలిసిపోయిన ఊళ్లలో ఒకటి. మా నాన్న జొన్న వేసిన చోట ఇప్పుడు అద్దాల మేడలో లిఫ్టులు పైకీ కిందికీ తిరుగుతున్నాయి. నాకు రాయడం కంటే చెప్పడం అలవాటు. ఎక్కడన్నా మాట ఎక్కువైతే, రేడియో గొంతు తగ్గించినట్టు మీరే తగ్గించుకోండి.

ఫోన్ చేసేదాన్ని, ఫోన్ ఎత్తేదాన్నయ్యాను

కమ్యూనిటీ హాలు మీద రెండు గదులు, అదే మా స్టేషన్. ఇటు మదీనాగూడ దాకా, అటు కోకాపేట దాకా వినపడుతుంది. మొదట్లో నేను వట్టి శ్రోతను. నల్లా నీళ్లు రాకపోతే ఫోన్ చేసేదాన్ని, నల్లా వస్తే వచ్చిందని ఫోన్ చేసేదాన్ని. మధ్యలో ఏం తోచకపోతే పక్క గల్లీ నల్లా గురించి చేసేదాన్ని. ఒకరోజు మేనేజరు రాఘవ సారు విసిగిపోయి, "బాలమణమ్మా, రోజూ ఫోన్ చేసే బదులు ఇక్కడికే వచ్చి కూర్చో, కనీసం లైను ఖాళీ అవుతుంది" అన్నాడు. ఆయన వేళాకోళానికి అన్నాడు. నేను నిజంగానే వెళ్లి కూర్చున్నాను.

పొద్దున పది నుంచి పదకొండు దాకా నా గంట. జనం ఫోన్ చేసేవాళ్లు, నేను మాట్లాడేదాన్ని. రోడ్డు తవ్వి పూడ్చలేదని ఒకరు, సర్కారు దవాఖానలో పిల్లల డాక్టరు ఏ రోజు వస్తాడని ఒకరు, సెల్లారులో వాన నీళ్లు నిండాయని ఒకరు. మైకు తెరుచుకుందని చెప్పే ఎర్రలైటు వెలగగానే నా ఒంట్లో ఏదో పరుగెత్తేది. ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా ఆ పరుగు తగ్గలేదు. ఇంట్లో ఎంత చికాకు ఉన్నా, ఆ లైటు చూస్తే కొత్త చీర కట్టుకున్నట్టు ఉండేది.

రాఘవ సారు పూర్వం పత్రికలో పనిచేసి వచ్చిన మనిషి. మొదటి రోజే నాకొక గీత గీశాడు. సొంతంగా వార్తలు చదవడానికి మాలాంటి చిన్న రేడియోకు అనుమతి లేదు. నీళ్లు, కరెంటు, బస్సు, వాన, దవాఖాన, ఇలాంటి సమాచారం చెప్పుకోవచ్చు, దాని మీద ముచ్చటించుకోవచ్చు. "వార్త చదవకు, ముచ్చట పెట్టు" అనేవాడు. నాకు చదవడం ఎలాగూ అంతంత మాత్రం కాబట్టి ఆ గీత నాకు భారం అనిపించలేదు.

ఆయన మంచివాడే, కాని ఆఫీసర్లంటే మహా బెరుకు. ఆఫీసరు ఫోన్ లైనులోకి వస్తే, అద్దం అవతల ఈయన కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. ఫోన్‌లో ఉన్న మనిషికి నువ్వు నిలబడ్డది కనపడదు సారూ అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

తిన్నవా?

ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది "తిన్నవా?" అనే. పెద్దవాళ్లయితే "తిన్నరా?" ఇది నేను కనిపెట్టింది కాదు, మా ఇళ్లలో గడప దగ్గర అడిగే మాట. రాఘవ సారుకు నచ్చేది కాదు. గంటలో పావుగంట ఇడ్లీలకూ దోసెలకూ పోతుందని ఆయన బాధ. ఒకసారి అడగొద్దని గట్టిగా చెప్పాడు కూడా. ఆ రోజు నేను మూతి ముడుచుకుని, తిన్నారో లేదో తెలియని మనుషులతో గంటసేపు మాట్లాడాను.

గంట అయ్యాక సలీం లోపలికి వచ్చాడు. సలీం అంటే మా సౌండు చూసే మనిషి, గొంతులు పెంచే తగ్గించే మీటలు అతని చేతిలో ఉండేవి.

"సార్, అమ్మను అడగనియ్యండి. అమ్మ 'తిన్నవా' అంటది, వాళ్లు ఏం తిన్నరో చెప్తరు. గా చెప్పేలోపల నేను వాళ్ల గొంతు సరిజేసుకుంట. ఇయ్యాల అసలు లెవలే దొరకలేదు, పరేషాన్ అయిన."

అప్పటి నుంచి నా మాట నాకు తిరిగి దొరికింది. సలీంకు తెలియంది ఇంకొకటి ఉంది. కోపంతో ఫోన్ చేసిన మనిషి ఏం తిన్నాడో చెప్పేసరికి కొంచెం చల్లబడతాడు. భయపడుతూ చేసిన మనిషికి కొంచెం ధైర్యం వస్తుంది. పైగా తిన్నది చెబితే మనిషిది ఏ వైపో కూడా తెలిసిపోతుంది. సర్వపిండి అన్నారంటే మావాళ్లు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా ఒకసారి బోల్తా పడ్డాను. అదే ఇప్పుడు చెప్పేది.

యాదమ్మ బస్సు

ఒక సోమవారం యాదమ్మ ఫోన్ చేసింది. మా బస్తీ మనిషే. కోకాపేటలో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో వంట చేస్తుంది. పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు మా బస్తీ నుంచి కోకాపేటకు ఒక బస్సు వెళ్తుంది, సాయంత్రం అయిదు నలభైకి అదే బస్సు తిరిగి తెస్తుంది. ఒకటో తారీఖు నుంచి ఆ బస్సు తీసేస్తున్నారని కండక్టరు చెప్పాడట. తిన్నవా అని అడిగితే, ఎప్పుడూ గలగలా చెప్పే మనిషి, "ఏం తింట అక్కా" అంది. నాకు అక్కడే తెలిసిపోయింది, ఇది చిన్న సంగతి కాదని.

ఆమె సంగతి ఇది. ఏడు లోపల పొయ్యి ముట్టించాలి. ఆటోలు మారి వెళ్తే ఏడున్నర దాటుతుంది. సూపర్‌వైజరు ముందే చెప్పాడట, బస్సు లేకపోతే దగ్గర్లో ఉండే మనిషిని పెట్టుకుంటానని. భర్త లేడు, ఆ పని మీదే ఇల్లు. యాదమ్మతో పాటు ఆ బస్సులో ఊడ్చేవాళ్లు, ఫ్లాట్లలో పిల్లల్ని చూసేవాళ్లు, సెక్యూరిటీ వాళ్లు, చాలా మందే ఉన్నారు. కాని నేను మర్చిపోకుండా గుండెలో పెట్టుకున్నది యాదమ్మ పొయ్యినే.

మర్నాడు బస్సు డిపో సారును లైనులోకి తెచ్చాం. రెండో లైనులో యాదమ్మ. అద్దం అవతల రాఘవ సారు యథాప్రకారం లేచి నిలబడ్డాడు.

"తిన్నరా సార్?" అన్నాను.

"ఆఁ, అయిందండి. పెసరట్టు, ఉప్మా."

చూశారా, ఆయనది కోస్తా వైపని పెసరట్టే చెప్పింది. నేను విన్నాను, పట్టించుకోలేదు.

ఆయన చెప్పింది ఏమిటంటే, వాళ్ల మనిషి వచ్చి కోకాపేట స్టాపులో కూర్చుని చూశాడట, సాయంత్రం ఆ బస్సు ఎక్కేవాళ్లే లేరట. ఖాళీ బస్సును ఎన్నాళ్లని తిప్పుతామని అడిగాడు. ఆయన గొంతులో దబాయింపు లేదు, కాగితంలో ఉన్నది చదువుతున్నాడంతే.

యాదమ్మ అందుకుంది. "సార్, గా స్టాపు షెడ్డుకాడ రోడ్డు దాటనియ్యవు కార్లు. మేం జర ముందటికి పోయి సిగ్నల్ కాడ దాటుతం, ఆడనే నిలబడుతం. డ్రైవరన్న ఆడ ఆపుతడు. మీ మనిషి షెడ్డుల కూసొని చూస్తే మేమెట్ల కనపడుతం సార్?"

"అలాగా. ఇది నాకు తెలీదండి. సరే, రేపో మాపో నేనే వచ్చి చూస్తానులెండి."

"రేపు మాపు వస్తరా సార్?" అన్నాను.

"ఆఁ ఆఁ, రేపో మాపో" అన్నాడు, ఫోన్ పెట్టేశాడు.

నాకు ఒళ్లు పొంగిపోయింది. మా ఇళ్లలో మాపు అంటే సాయంత్రం. పొద్దుగాల, పగటీలి, మాపటీలి, ఇవే మా గడియారాలు. ఇంత పెద్ద ఆఫీసరు అడిగీ అడగకముందే రేపు సాయంత్రం వస్తాననడం ఎక్కడన్నా చూశామా? ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. మైకు దగ్గరికి వంగి గట్టిగా చెప్పేశాను. "విన్నరు గదా. రేపు మాపు డిపో సారే స్వయంగా వస్తున్నడు. బస్సు ఎక్కేటోళ్లందరు కోకాపేట సిగ్నల్ కాడికి అయిదున్నరకు రావాలె. మనం ఎంతమందిమో కండ్లార చూపిద్దం."

అయిదున్నర అని ఆయన చెప్పలేదు. బస్సు అయిదు నలభైకి కాబట్టి నేనే పెట్టాను. పాట వేసి సలీం అద్దంలోంచి బొటనవేలు చూపించాడు. ఇద్దరం సంబరపడ్డాం.

మర్యాదగా రానని చెప్పడం

బుధవారం నాలుగింటికి భ్రమరాంబగారు వచ్చింది. సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా ఆమె గంట. మదీనాగూడలో ఫ్లాటు, భర్తది సర్కారు ఉద్యోగం, పుట్టిల్లు అత్తిల్లు రెండూ గోదావరి జిల్లాలో. నేను భ్రమరక్కా అనేదాన్ని. చెప్పులు విప్పుతూనే అడిగింది. "బాలమణిగారూ, ఆ ఆఫీసరు ఇవాళ వస్తాడని ఎవరు చెప్పారండీ?"

"ఆయననే చెప్పిండు గదా అక్కా, రేపు మాపు వస్తనని."

ఆమె చేతిసంచీ బల్ల మీద పెట్టి, నా వైపు జాలిగా చూసింది. "రేపు మాపు కాదండి. రేపో మాపో అన్నాడు. మావైపు దానికి ఇవాళా కాదు, రేపూ కాదు. రానని మర్యాదగా చెప్పడం. మా ఆయన వంటింటి గట్టు మార్పిస్తానని పదేళ్లుగా రేపో మాపో అంటున్నారు. నేను గట్టు దగ్గర ఏ సాయంత్రమూ కాపలా కూర్చోలేదు."

సలీంతో రికార్డు పెట్టించాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ ఆయన స్పష్టంగా రేపో మాపో అనే అన్నాడు. నా చెవే దాన్ని రేపు మాపు చేసుకుంది. నేను తిరిగి అడిగినప్పుడు ఆయన చెవికి మళ్లీ రేపో మాపో అనే వినపడింది. ఇద్దరం తెలుగే మాట్లాడాం, ఇద్దరికీ రెండు సంగతులు అందాయి.

డిపోకు ఫోన్ చేస్తే సారు మీటింగులో ఉన్నాడన్నారు. మళ్లీ చేస్తే ఇంకా మీటింగే. అటు అయిదున్నరకు జనం వస్తారు. వాళ్లలో సగం మంది పని నుంచి అరగంట ముందు అడిగి వచ్చేవాళ్లు. నాకు ఏడుపొచ్చింది. నిజం చెబుతున్నాను, ఒక దొంగ ఆలోచన కూడా వచ్చింది. రికార్డు ఉంది కదా, ఆ ముక్క వినిపించి, ఆయన మాటిచ్చి తప్పాడని చెప్పేస్తే సరిపోతుంది, ఫోన్‌లో రేపు మాపుకూ రేపో మాపోకూ తేడా ఎవరికి తెలుస్తుంది అని. పైకి కూడా అనేశాను.

రాఘవ సారు ఆ రోజు కూర్చునే ఉన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. జనాన్ని పోగు చేయడం మన పని కాదని ఆయన ఎప్పుడూ అనే మాటే. ఆ మాట అనలేదు. "తప్పు ఏ గొంతుతో చెప్పావో, దిద్దుబాటు అదే గొంతుతో చెప్పు. గొంతు తగ్గించి చెబితే అది దిద్దుబాటు కాదు" అన్నాడు. ఎన్నో విషయాల్లో ఆయనతో నాకు పడలేదు. ఈ ఒక్క మాటకు మాత్రం ఇవాళ్టికీ ఆయనకు దండం పెడతాను.

గొంతు తగ్గించకుండా చెప్పాలంటే నేను స్టేషన్‌లో దాక్కుంటే కుదరదనిపించింది. సలీం బండి తీశాడు, వెనక కూర్చున్నాను.

ఆయన ఇంకా రేపులోనే ఉన్నారు

కోకాపేట సిగ్నల్ దగ్గర అరవై డెబ్భై మంది నిలబడి ఉన్నారు. చుట్టూ తల ఎత్తితే మెడ నొప్పెట్టే మేడలు. యాదమ్మ అందరికంటే ముందు, జుట్టు నున్నగా దువ్వుకుని, ఫొటోకు నిలబడ్డట్టు నిలబడింది.

ఫోన్‌లో స్టేషన్‌కు కలిపాం. అటు మైకులో భ్రమరాంబగారు. "బాలమణిగారు కోకాపేట నుంచి మాట్లాడుతున్నారు, చెప్పండి" అంది. నేను నిన్న ఎంత గట్టిగా చెప్పానో అంత గట్టిగానూ చెప్పాను. డిపో సారు ఈ రోజు వస్తానని చెప్పలేదు. ఆయన రేపో మాపో అన్నాడు, అంటే ఎప్పుడో ఒకప్పుడు అని. నేను సాయంత్రం అని విన్నాను. అయిదున్నర అని నేనే కల్పించాను. తప్పు ఆయనది కాదు, నాది. పని వదిలి వచ్చినవాళ్లు నన్ను క్షమించాలి.

ఎదురుగా జనం, చెవిలో రేడియో. జనంలోంచి ఒకాయన, "గిదేం ముచ్చటమ్మా, అరగంట పర్మిషన్ పాయె" అన్నాడు. అనాల్సిన మాటే. తలవంచుకున్నాను.

అప్పుడు యాదమ్మ ముందుకు వచ్చి నా చేతిలోని ఫోన్ దగ్గర నోరు పెట్టింది.

"అక్కా, నువ్వు తప్పేం ఇనలే. ఆయన రేపు మాపు వస్తనన్నడు. ఇయ్యాల బుధారం. రేపు మాపు అంటే బేస్తారం మాపు. మేం రేపొస్తం. రేపు రాకుంటే, ఎల్లుండికి మళ్ల ఒక రేపు ఉంటది. ఆయన మాట తప్పినట్టు కాదు, మేం నిలబడ్డది దండగ కాదు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెనక్కి వెనక్కి పాకి, పర్మిషన్ పోయిందన్న మనిషి దాకా వెళ్లింది. అయిదు నలభైకి బస్సు వచ్చింది, అందరూ ఎక్కారు. నేను కూడా ఎక్కాను, కూర్చోవడానికి చోటు లేదు. నిలబడే ఊగుతూ ఊగుతూ మా బస్తీకి వచ్చాను. ఆ బస్సులో వచ్చేటప్పుడు ఎంత హుషారుగా ఉన్నామో చెప్పలేను. ఓడిపోయి వస్తున్నవాళ్లలా ఒక్కరూ లేరు.

గురువారం జనం రెట్టింపు అయ్యారు. అరగంట ముందు ఎవరూ పని మానలేదు, మామూలుగా వదిలే వేళకే వచ్చారు. మెడలో కార్డులు వేలాడేసుకున్న ఆఫీసు పిల్లలు కూడా కొందరు వచ్చి నిలబడ్డారు. వాళ్లలో ఒకబ్బాయి, "మాకు కారుందండి, కాని మా అమ్మగారు రోజూ మీ రేడియో వింటారు. వెళ్లి నిలబడి రమ్మన్నారు" అన్నాడు. సారు రాలేదు. స్టేషన్‌లో భ్రమరాంబగారు, "శ్రోతలారా, ఈ రోజు గురువారం. డిపో సారు ఇంకా రేపులోనే ఉన్నారు" అంది. ఎక్కడా ఒక్క చెడ్డ మాట లేదు. ఆమె చమత్కారం నాకు ఎన్ని జన్మలెత్తినా రాదు. రాఘవ సారు చెమటలు తుడుచుకున్నాడు కాని ఆపమనలేదు.

తర్వాతి బస్సు

శుక్రవారం బస్సు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికే నిండిపోయి ఉంది, వెనక స్టాపుల వాళ్లు కూడా రేడియో విన్నారేమో. ఫుట్‌బోర్డు మీద జనంలో ఇరుక్కుని తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి, కళ్లజోడు ఒక చెవికే వేలాడుతోంది. ఎలాగో కిందికి దిగి, చొక్కా సర్దుకుని, "బాలమణిగారంటే ఎవరండీ?" అన్నాడు.

పెసరట్టు గొంతు. నా చెవి పట్టేసింది. ఫోన్ స్టేషన్‌కు కలిసే ఉంది, అవతల మైకు ముందు భ్రమరాంబగారు ఉంది. నోటికి వచ్చింది ఒకటే.

"తిన్నరా సార్?"

ఆయన చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు, నన్ను చూశాడు. "లేదండి. మూడు రోజుల్నుంచి మా ఇంట్లో నన్ను సుఖంగా తిననివ్వడం లేదు. మా ఆవిడ మీ రేడియో వింటుంది. మాటిచ్చారట కదా, వాళ్లు రోజూ నిలబడుతున్నారట కదా అని కంచం ముందే పెడుతోంది పంచాయతీ."

సిగ్నల్ అంతా నవ్వింది. యాదమ్మ సంచీలోంచి డబ్బా తీసి రెండు రొట్టెలు ఆయన చేతిలో పెట్టింది. ఆయన వద్దనలేదు, అక్కడే నిలబడి తిన్నాడు. ఆయన తింటూ ఉండగా ఆమె మెల్లగా చెప్పింది.

"సార్, పొద్దుగాల గీ బస్సు ఎక్కితెనే నేను పొయ్యి ముట్టిస్త. గా మేడల తొమ్మిదింటికి తినేటోళ్లకు నా పేరు తెల్వది. బస్సు లేకుంటే తెల్లారి ఇంకొకామె ముట్టిస్తది, వాళ్ల టిఫిన్ వాళ్లకు వస్తది. తేడా నా ఒక్క ఇంటికే తెలుస్తది."

ఆయన నమలడం ఆపాడు. డ్రైవరు హారను కొట్టాడు. ఆయన పక్కకు జరిగి, ఎక్కండి అన్నట్టు చెయ్యి చూపించాడు. లోపలివాళ్లు జరిగి చోటిస్తే ఒక్కొక్కరూ ఎక్కుతుంటే పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. చివరికి తలుపు దగ్గర వేలాడే చోటు కూడా మిగల్లేదు. యాదమ్మ ఎక్కింది. సారు కిందే ఉండిపోయాడు.

"మీరెట్ల పోతరు సార్?" అన్నాను.

"తర్వాతి బస్సుకి వెళతానులెండి."

"తర్వాత బస్సు లేదు సార్. మాకు ఇదొక్కటే."

ఆ పెద్దమనిషి వెళ్లిపోతున్న బస్సు వైపు చాలాసేపు చూశాడు. ఆ మౌనమంతా రేడియోలో వెళ్లింది. రేడియోలో చప్పుడు లేకపోతే మా రాఘవ సారుకు ప్రాణం పోయినంత పని. ఆ రోజు ఆయన కూడా పాట వేయించలేదు.

నాకు అప్పుడు బుద్ధి వచ్చింది. "బస్సు సంగతి ఎప్పుడు చెప్తరు సార్?"

ఆయన నోరు తెరిచాడు. 'రే' అనే అక్షరం బయటికి వచ్చింది. అక్కడే ఆగిపోయి, తనే నవ్వేశాడు. "సోమవారం. పొద్దున పది గంటలకి. మీ కార్యక్రమంలోనే చెబుతానండి."

సోమవారం పదికి ఎర్రలైటు వెలిగేసరికే లైనులో ఆయన ఉన్నాడు. నేను అడగకముందే, "ఇడ్లీ తిన్నానండి, ఇంట్లోనే, ప్రశాంతంగా" అన్నాడు. బస్సు ఉంటుంది. స్టాపు షెడ్డు దగ్గర నుంచి సిగ్నల్ దగ్గరికి మారుస్తున్నారు. ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఆయనకు అర నిమిషం పట్టలేదు. తర్వాత గంటంతా ఫోన్లే. ఆ రోజు వచ్చిన ఫోన్లన్నీ ఎత్తలేకపోయాం. యాదమ్మ మాత్రం చేయలేదు. ఆ వేళకు ఆమె చేతిలో గరిటె ఉంటుంది.

మైకు ముందు కూర్చునే పిల్లలకు

ఎవరన్నా "త్వరలో" అన్నా, "చూస్తాం" అన్నా, "రేపో మాపో" అన్నా, అది మంచి మనిషి నోట వచ్చినా సరే, రేడియోలో అలాగే వదిలేయకండి. ఎన్ని గంటలకు అని అడగండి. చెప్పకపోతే చెప్పలేదనే జనానికి చెప్పండి. నాలాగా మీ గడియారం ఆయన చేతికి కట్టకండి. ఆ వారం అంతా బాగానే తిరిగింది కాబట్టి ఇప్పుడు నవ్వుతున్నాం. యాదమ్మకు అంత తెలివి లేకపోయి ఉంటే, ఆ బుధవారమే జనం విసుక్కుని ఇళ్లకు పోయేవాళ్లు. మళ్లీ పిలిస్తే వచ్చేవాళ్లు కాదు, ఆ బస్సు పోయేది. అది నా మీద ఉండేది.

ఇంకొకటి. మనం ఉండే ఈ చోట తెలుగు ఒకటి కాదు. అద్దాల మేడలో ఒకటి, దాని గేటు దగ్గర ఒకటి, లోపలి వంటగదిలో ఇంకొకటి. మీకు అర్థమైందని మీకు గట్టిగా అనిపించిన మాటనే ఇంకోసారి అడగండి. అర్థం కాని మాటతో నాకు ఎప్పుడూ నష్టం రాలేదు, దాన్ని ఎలాగూ అడుగుతాం కదా.

గొంతు బొంగురుపోవడం మొదలయ్యాక నా గంట నేనే వదిలేశాను. యాదమ్మ ఇప్పటికీ ప్రతి నెలా ఒకటో తారీఖున ఆరు పదికి నాకు ఫోన్ చేస్తుంది. "అక్కా, వచ్చింది" అంటుంది, పెట్టేస్తుంది. వెనక బస్సు చప్పుడు వినపడుతుంది. నాకు పెన్షన్ అంటే అదే.

ఇది ముగిద్దామనుకున్న ఈ పొద్దునే వంటింట్లో పిండి కలుపుతూ రేడియో పెట్టాను. మాధురి మైకులోకి వచ్చి ఇది రెండో రోజు. మంచినీళ్ల పైపు పగిలిందని ఎవరో ఫోన్ చేశారు, ఇంజనీరును లైనులోకి తెచ్చింది. ఆయన చాలా నిమ్మళంగా, "రేపో మాపో అయిపోతుందండి" అన్నాడు. పిండి చేతులతోనే వెళ్లి గొంతు పెంచాను.

"రేపాండీ, మాపాండీ?" అంది మాధురి. "మాపైతే ఎన్ని గంటలకండీ?"

కాగితాలు తిరగేసినట్టు వినపడింది. తర్వాత ఆయన, "గురువారం సాయంత్రం నాలుగింటికి, రాసుకోండి" అన్నాడు. నేను ఒక్కదాన్నే వంటింట్లో చప్పట్లు కొట్టాను, పిండి అంతా రేడియో మీద పడింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ పిల్లకు. "అయ్యో, అన్నట్టు మీరు తిన్నారాండీ?"

అది ముందు అడగాలి. పర్వాలేదు, ఫోన్ చేసి చెబుతాను. రేపు, తొమ్మిదిన్నరకు.